విసుర్రాయికి ఇద్దరు

కొత్తకోట
20 నవంబరు 1961

కోడలు పిల్ల సువార్తకు, మేనత్త బిక్షమ్మ దీవెనలు.

మీ నాయనకు ఉత్తరం రాసి లాభం లేదు. చదువుతాడు, దిండు కింద పెట్టుకుంటాడు, జవాబు రాయడు. నువ్వు రాస్తావు, కానీ జవాబుకంటే ప్రశ్నలే ఎక్కువ రాస్తావు. అయినా ఈసారి నీ ప్రశ్నలే నాకు పనికొచ్చేట్టున్నాయి.

మా స్త్రీల సభ సంగతి నీకు తెలుసు కదా. ప్రతి యేడూ పాస్టరయ్యగారు వాక్యం చెబుతారు, సంఘ పెద్దలు ముందు వరుసలో కుర్చీలేసుకుంటారు, మేము వెనక చాపల మీద కూర్చుంటాం, నడుమలో లేచి వాళ్ళకు అన్నాలు పెడతాం. పేరు మాత్రం స్త్రీల సభ! ఈ యేడు మొండికేశాం. ఫిబ్రవరిలో మూడు దినాలు, అందరం ఆడవాళ్ళమే. వాక్యం మేమే చెప్పుకుంటాం, వంట మేమే చేసుకుని మేమే తింటాం. అయ్యగారు నన్ను పిలిచి, "వాక్యం ఎవరు చెప్తరమ్మా?" అన్నారు. "ఊరూరు దిరిగి ఇరవై యేండ్లసంది నేను చెప్తున్నది ఏందయ్యా, కతలా?" అన్నాను. బైబిలు స్త్రీ అయినాక ఆ మాత్రం నోరు ఉండొద్దూ?

కానీ రెండు చిక్కులున్నాయి. మా పై వాడ వాళ్ళు, కింది వాడ వాళ్ళు ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె తీసుకుంటారు, ఇంటికి పోయాక ఒకరి ఇంట్లో ఒకరు మంచినీళ్ళు తాగరు. మూడు దినాలు ఒక్క వంట ఎట్లా తింటారు? రెండోది, సంఘంలో లేని ఒకామె వస్తానంటోంది. లింగస్వామి భార్య గుర్వమ్మ, సంఘ పెద్ద ఇల్లాలు, "ఆమె అస్తె నేను రాను" అని తేల్చి చెప్పింది. ఆమె ఎవరని అడగకు. టీచరమ్మవు, వంట సంగతి ఆలోచించి రాయి.

మీ అత్త


చిట్యాల
2 డిసెంబరు 1961

అత్తా,

అడగకు అని రాస్తే అడగకుండా ఉంటానని ఎట్లా అనుకున్నావు? ఎవరామె? వయసెంత? సంఘంలో లేకపోతే సభ సంగతి ఆమెకెట్లా తెలిసింది? నువ్వు చెప్పావా? గుర్వమ్మకు అంత కోపం ఎందుకు, ఆమెకు ఏమైనా చేసిందా? అయ్యగారికి తెలుసా? వాక్యం చెప్పేటప్పుడు ముందు వరుస కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? అసలు కుర్చీలు వేస్తారా?

వంటకు నాకో ఉపాయం తట్టింది. ప్రతి ఒక్కరూ ఇంటినుంచి గింజలు తెచ్చుకోండి. మందిరం ముందు ఒక దుప్పటి పరచి, అందరూ దాని మీదే పోయండి. ఒక్క కుప్ప కావాలి. ఎవరివి ఎంత, ఏ వాడవి ఏవి అని ఎవరికీ తెలియకూడదు. అప్పుడు గుర్వమ్మ తినే ముద్దలో కింది వాడ గింజ లేదని ఎవరు చెప్పగలరు? తినకపోతే తన గింజలు కూడా తను వద్దన్నట్టే. ఎట్లా ఉంది?

మా హెడ్‌మిస్ట్రెస్‌గారికి మీ సభ గురించి చెప్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "మగవాళ్ళు లేకుండానా?" అన్నారు. ఆమె ఇన్నేళ్ళుగా మగవాళ్ళు లేని స్కూలే నడుపుతున్నారు మరి.

జవాబు వెంటనే రాయి. పేరుతో సహా.

సువార్త


కొత్తకోట
15 డిసెంబరు 1961

సువార్తా,

నీ కుప్ప ఆలోచన మా వాళ్ళకు తెగ నచ్చింది. బక్కమ్మ మా అందరిలో పెద్దది కదా, "పట్నం సదువంటె గిట్లుండాలె" అని మెచ్చుకుంది. నీది పట్నం కాదు, చిట్యాల అన్నా వినలేదు.

పేరు కావాలన్నావు. నర్సింగమ్మ. ఇక్కడికి రెండు కోసుల దూరంలో ఉంటుంది. జోగిని. నీకు అర్థమైందనుకుంటాను. చిన్నప్పుడు ఎల్లమ్మ పేర తాళి కట్టి ఊరికి వదిలేశారు. జాతరలో ఆడాలి, పెద్దవాళ్ళ శవాల ముందు ఆడాలి. మొగుడని ఒకడుండడు, ఊళ్ళో ఎవడు తలుపు తట్టినా తీయాలి. నేను ఆ ఊరికి ప్రార్థనకు పోయినప్పుడల్లా వచ్చి, గోడ అవతల కూర్చుని వినేది. లోపలికి రమ్మంటే రాదు. పొమ్మనే ధైర్యం కూడా మా వాళ్ళకు లేదు, ఆమె నోరు మంచిది కాదు. నాది మంచిదా?

కిందటి నెల ఆమె మొదటిసారి గోడ దాటి వచ్చింది. ఆమెకు ఎనిమిదేళ్ళ ఆడపిల్ల ఉంది, ఉప్పలమ్మ. మార్చిలో పున్నానికి జాతర. ఈసారి ఆ పిల్లకు తాళి కట్టాలని ఊరి పెద్దలు నిర్ణయించారు. "అమ్మా, మీ సభకు నా బిడ్డను తోల్కొని అస్త. గంతమంది ఆడోళ్ళున్నరు గద, ఒక్కరన్న ఏదన్న తొవ్వ జూపరా?" అంది. ఇన్నేళ్ళు దేవుడు అందరినీ రమ్మంటున్నాడని చెప్పుకుంటూ తిరిగినదాన్ని, ఒక పిల్లను పెట్టడానికి జాగా చూపలేకపోతే నేను తిరిగింది దేనికి?

మీ స్కూలుకు బోర్డింగు ఉంది కదా. ఆ పిల్లను చేర్చుకుంటారేమో అడిగి రాయి. ఇదొక్కటే నీకు నేను చెప్పే పని.

అత్త


చిట్యాల
4 జనవరి 1962

అత్తా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నర్సింగమ్మ ఎట్లా ఉంటుంది? గోడ అవతల కూర్చుని ఏ మాటలు వినేది? ఎల్లమ్మ మీద ఆమెకు భక్తి ఉందా, భయమా? నువ్వెప్పుడైనా అడిగావా? గుర్వమ్మ ఆమెతో ఒక్కసారైనా మాట్లాడిందా? నేను ఇంతవరకు జోగినిని దూరంనుంచి తప్ప చూడలేదు. చిన్నప్పుడు ఒకసారి శవం వెంట ఆడుతుంటే చూడబోతే మా అమ్మ నా కళ్ళు మూసింది. అమ్మ వేళ్ళ సందుల్లోంచి చూశాను, ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది.

పోచంపల్లినుంచి చీరలు అమ్మే ఆయన వచ్చాడు. నువ్వు తెల్లచీర తప్ప కట్టవని తెలుసు, అందుకని తెల్లదానికే సన్నని నల్లంచు ఉన్నది తీసుకున్నాను. సభలో కట్టుకో. వాక్యం ఏది చెబుతున్నావు? దుప్పటి పెద్దది చూసుకోండి, గింజలు కింద పోతే దుమ్మవుతాయి.

ఇక్కడ చలి బాగా ఉంది. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి.

సువార్త


కొత్తకోట
18 జనవరి 1962

సువార్తా,

చీర గురించి రాశావు, చలి గురించి రాశావు, దుప్పటి గురించి రాశావు. నేను అడిగిందేమిటి? నువ్వు రాసిందేమిటి? మీ నాయన బుద్ధులు నీకెప్పుడు వచ్చాయి?

బోర్డింగు సంగతి ఒక్క ముక్క రాయి. అవునో కాదో. ఆ తల్లి ప్రతి ఆదివారం వచ్చి నా మొహం చూసి పోతోంది.

బిక్షమ్మ


చిట్యాల
27 జనవరి 1962

అత్తా, నన్ను తిట్టు.

నీ ఉత్తరం వచ్చిన మరునాడే అడిగాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు మంచిగానే విన్నారు. చివరికి, "అటువంటి చోట పెరిగిన పిల్లను మన పిల్లల నడుమ పడుకోబెడితే వాళ్ళ తల్లిదండ్రులు ఊరుకుంటారా?" అన్నారు. "ఎనిమిదేళ్ళ పిల్లండీ" అన్నాను. "నాకు జాలి లేక కాదు" అన్నారు. అంతే. ఆ మాట నీకు రాయడానికి సిగ్గేసింది. ఆదివారం పిల్లలకు నేను నేర్పేది ఒకటి, మా గేటు దగ్గర జరిగేది ఒకటి అని నీకెట్లా రాయను? ఇంకోసారి అడిగితే మెత్తబడతారేమోనని చూశాను. మెత్తబడలేదు.

సరే, ఇప్పుడు విను. నేను కిరాయికి ఉండే గది చిన్నదే, కానీ ఇద్దరికి సరిపోతుంది. పిల్లను నా దగ్గరికి పంపు. బోర్డింగులో చేర్చుకోకపోయినా, పగటి పిల్లగా నా తరగతిలో కూర్చోబెట్టుకోవడానికి ఒప్పించాను. "నీ పూచీ మీద" అన్నారు. నా పూచీయే.

పిల్ల ఏం తింటుంది? చీకటంటే భయమా? అక్షరాలు వచ్చా? నర్సింగమ్మ కూడా వస్తుందా?

సువార్త


కొత్తకోట
19 ఫిబ్రవరి 1962

నా బంగారు కోడలా,

తిట్టను. నీ ఉత్తరం విప్పేటప్పుడు తిట్టాలనే కూర్చున్నాను గాని, సగం చదివేసరికి కళ్ళు నిండాయి. ఇక సభ సంగతి.

నీ గొప్ప ఆలోచన ఏం చేసిందో ముందు విను. మందిరం ముందు దుప్పటి పరిచాం. ఎవరు ఏం తెచ్చారో ఎవరూ చూడకూడదని అందరం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే, ఒక్కొక్కరే వచ్చి ఒడిలోని గింజలు దుప్పటి మీద పోసి పోయారు. ఎంత బాగుందో అనుకున్నాం. ఆమెన్ అని కళ్ళు తెరిస్తే ఏముంది! జొన్నలు, సజ్జలు, కొర్రలు, నూకలు, వాటిలో ఉలవలు. ఎవరింట్లో ఏముంటే అవి తెచ్చారు. నువ్వు బోర్డింగు అన్నం తిని పెరిగినదానివి, గింజలంటే బియ్యమే అనుకున్నావు. నీ సంగతి సరే, పుట్టిన్నుంచీ పొయ్యి ముందు కూర్చున్న ఇంతమంది ఆడవాళ్ళం, దీన్ని ఎట్లా వండుతామని ఒక్కరికి కూడా తోచలేదు! జొన్న ఉడికేసరికి నూక జావైపోతుంది. నూక ఉడికినప్పుడు దించితే జొన్న పళ్ళు విరగ్గొడుతుంది. ఏరుదామంటే మూడు దినాలూ ఏరడానికే సరి.

అందరం నీ పేరు తలుచుకుంటుంటే బక్కమ్మ అరిచింది. "ఏందే, గట్ల నోర్లు తెరుసుకొని నిలబడ్డరు? ఇసిరితె సరి. పిండైనంక గట్క జేసుకుందం." నాలుగిళ్ళనుంచి విసుర్రాళ్ళు మోసుకొచ్చాం. అంత పిండి విసరాలంటే రాయికి ఇద్దరు ఉండాలి, ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకోవాలి. బక్కమ్మ కర్ర పట్టుకుని, "నువ్వీడ, నువ్వాడ" అని పై వాడ మనిషికి కింది వాడ మనిషిని జత కట్టింది. ముసలిదాని మాట కాదనలేక కూర్చున్నారు.

చివరికి ఒక రాయి మిగిలింది. దాని ముందు నర్సింగమ్మ, పక్కన పిల్ల. నిలబడి ఉన్నది గుర్వమ్మ ఒక్కతే. రానన్నది కదా, ఎందుకొచ్చిందంటే, ఎవరు ఎట్లా నడుపుతారో చూద్దామని వచ్చిందట. "నాకు రెక్క నొస్తాంది" అంది. నర్సింగమ్మ ఒక్కతే తిప్పడం మొదలుపెట్టింది. ఒక చేత్తో తిప్పాలి, ఒక చేత్తో పోయాలి. గింజలు సగం చుట్టూ చిందుతున్నాయి. గుర్వమ్మ కాసేపు చూసింది. ఆమె సంగతి నీకు తెలియదు, పని పాడైతే ఆమెకు ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంటుంది. "గుప్పిళ్ళు గుప్పిళ్ళు పోస్తె పిండెట్ల పడ్తదే? జర జరుగు!" అని కసిరి, ఎదురుగా కూర్చుని పిడి పట్టుకుంది.

ఆ తరువాత మేమంతా ఇన్నాళ్ళు అడగాలనుకుని అడగలేనిది గుర్వమ్మే అడిగింది. "నీకు పెండ్లెట్ల జేసిండ్రే?"

నర్సింగమ్మ విసురుతూనే చెప్పింది. "పసుపు రాసిండ్రు. కొత్త చీర గట్టిండ్రు, బెల్లం బెట్టిండ్రు. నాకు మస్తు సంబురమైంది. పెండ్లికొడుకు ఏడని మా అవ్వను అడిగిన. అవ్వ మొకం దిప్పుకున్నది."

"పెద్దగయినంక ఎన్నడన్న కాదన్నవా?"

"ఎవల్ని కాదనాలె తల్లీ? ఒకడైతె కాదంటం. ఊరు ఊరంతటిని ఎట్ల కాదంటం?"

రాళ్ళన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. గుర్వమ్మ ఎటు చూడాలో తెలియక పిల్ల వైపు తిరిగి, "నీకేమొస్తదే బిడ్డా?" అంది. ఉప్పలమ్మ సంతోషంగా లేచి, "నాకు ఆట అస్తది" అని నడుము మీద చెయ్యేసి ఒక అడుగు వేసింది. "కూసో!" అని నర్సింగమ్మ గట్టిగా అరిచింది. ఆ పిల్లకు తాను చేసిన తప్పేమిటో తెలియదు. బిక్కమొహం వేసుకుని కూర్చుంది. గుర్వమ్మ పిడి వదిలేసి, కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం నేను వాక్యం చెప్పలేదు సువార్తా. చెప్పడానికి ఏం మిగిలింది? గట్క అందరం ఒకే గంగాళంలోంచి తిన్నాం, ఎవరూ ఎవరి చేతిని చూడలేదు. నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. పిల్లను చిట్యాలకు ఎవరు తీసుకుపోవాలి? నేను పోతే అందరికీ తెలిసిపోతుంది. గుర్వమ్మే లేచింది. "నేను దోల్కపోత. సంఘ పెద్ద పెండ్లాన్ని, బస్సుల నన్నెవడు అడుగుతడు?" అంది.

నర్సింగమ్మ రాదు. "ఇద్దరం పోతె ఎతుక్కుంట అస్తరు. నేనుంటె నన్ను బట్టుకుంటరు, పిల్ల బతుకుతది" అంది. నాకు భయంగా ఉంది.

అత్త


చిట్యాల
2 మార్చి 1962

అత్తా,

వచ్చారు. గుర్వమ్మ ముందు నా గది చూసింది, పొయ్యి చూసింది, దుప్పట్లు వాసన చూసింది. ఆ తరువాత నన్ను చూసి, "బక్కగున్నవు. పిల్లకు కడుపునిండ పెడ్తవా?" అంది. నేను భయపడి తలూపాను.

ఇంటావిడ వచ్చి పిల్ల ఎవరని అడిగింది. నేను ఏదో గొణుగుతుంటే గుర్వమ్మ, "నా మనుమరాలు" అంది, తడబడకుండా. ఆవిడ వెళ్ళాక ఆశ్చర్యంగా చూశాను. "ఏంది గట్ల జూస్తవు? దేవుడు అడిగితె నేను జెప్పుకుంట" అంది. బస్సెక్కేటప్పుడు పిల్ల తలమీద చాలాసేపు చెయ్యి పెట్టి ఉంచింది. అత్తా, రానని మొండికేసిన గుర్వమ్మ ఈమేనా?

ఉప్పలమ్మ తక్కువ మాట్లాడుతుంది. తరగతిలో బాగానే కూర్చుంటోంది. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైతే మాత్రం నా వెనక్కి వచ్చి నిలబడుతుంది. అమ్మ గురించి అడగదు, నేను కూడా ఎత్తడం లేదు.

జాతరనాడు ఏమవుతుంది? పిల్ల లేదని తెలిస్తే ఏం చేస్తారు? నర్సింగమ్మను కొడతారా? ఇక్కడికి వస్తారా? ఈసారి నా ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు రాయి.

సువార్త


కొత్తకోట
24 మార్చి 1962

సువార్తా,

జాతర అయిపోయింది. నర్సింగమ్మ నా దగ్గరే ఉంది, నువ్వు ముందు ఆ మాట చదవాలని ముందే రాశాను.

ఆ దినం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. మన వాళ్ళు జాతర వైపు పోరు కదా, దూరంనుంచి ప్రార్థన చేయడమొక్కటే మనకు తెలిసిన పని. మధ్యాహ్నం దాకా మోకాళ్ళ మీద ఉన్నాం. గుర్వమ్మ ఉన్నట్టుండి లేచింది. "ఈడ మన మోకాళ్ళు అరిగితె ఆడ ఆమెకేమొస్తది? నడువుండ్రి" అంది. "జాతరకా? మనమా?" అని ఎవరో అన్నారు. "ఆమె మన సభకు రాలేదా?" అంది గుర్వమ్మ. తెల్లచీరలతోనే బయలుదేరాం.

మేము పోయేసరికి డప్పులు మోగుతున్నాయి. నర్సింగమ్మకు పసుపు పూసి నిలబెట్టారు. ఊరి పెద్ద, "పిల్లేదే?" అని అడుగుతున్నాడు. "పిల్ల లేదు దొరా, సదువుకొనేటందుకు పోయింది. నేనున్న గద, నేనాడ్త" అంది. మోకాలు వాచి ఉంది ఆమెకు. అయినా ఆడింది. తాగినవాళ్ళు దగ్గరికొచ్చి చెయ్యి వేయడం, కొంగు లాగడం ఆ ఊళ్ళో మామూలట. ఒకడు అట్లాగే ముందుకొచ్చాడు. మేము పోయి ఆమె చుట్టూ నిలబడ్డాం. ఆమెకు వీపు పెట్టి, మగవాళ్ళకు మొహం పెట్టి నిలబడ్డాం.

"కిరస్తానపోళ్ళకు ఈడ ఏం పని?" అని అరిచారు.

"మా మనిషి ఆడుతాంది. మేమొచ్చినం" అంది గుర్వమ్మ.

అంతే, వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆట అయ్యేదాకా ఒక్కడూ దగ్గరికి రాలేదు. ఆమె అలసి నేల మీద కూలబడితే ఊరి పెద్ద వచ్చి, "గీ యేడు సరే. వచ్చే యేడు పిల్లను దేవాలె" అన్నాడు. నర్సింగమ్మకు ఊపిరి అందడం లేదు. అయినా బక్కమ్మ భుజాన్ని ఆసరా చేసుకుని లేచి నిలబడి, ఆయన మొహంలోకి చూసి, "వచ్చే యేడు నేను గూడ రాను" అంది. అందరి ముందు. డప్పులు కొట్టేవాళ్ళు కూడా విన్నారు. మేము ఆమెను నడిపించుకుని వచ్చేశాం.

ఎల్లుండి రమ్మని సంఘ పెద్దలు నన్ను పిలిచారు. బైబిలు స్త్రీ జాతరకు ఎట్లా పోయిందని అడుగుతారట. పని తీసేస్తే తీసేస్తారు. గుర్వమ్మ నా పక్కన నిలబడి తన మొగుడికి తనే జవాబు చెబుతానంటోంది. అయ్యగారు మాత్రం, నర్సింగమ్మ మెడలో తాళి తీస్తేనే సంఘంలో చేర్చుకోవాలన్నారు. అది ఎప్పుడు తీయాలో ఆమె ఇష్టం, మేము అడగదలచుకోలేదు.

పిల్లకు ఇదంతా చదివి వినిపించు. ఏదీ దాచకు.

అత్త


చిట్యాల
1 ఏప్రిల్ 1962

అత్తా,

సంఘ పెద్దలు ఏమన్నారు? గుర్వమ్మ ఏమంది? లింగస్వామిగారు ఇంటికి పోయాక అన్నం తిన్నారా? పని తీసేస్తే నువ్వు, నర్సింగమ్మ ఇద్దరూ వచ్చేయండి, ఈ గదిలోనే సర్దుకుందాం. ఇంటావిడకు ఏం చెప్పాలో గుర్వమ్మను అడిగి పెట్టుకుంటాను.

నీ ఉత్తరం ఉప్పలమ్మకు చదివాను. మోకాలి వాపు దగ్గర దాచాలనిపించింది, నువ్వు వద్దన్నావని చదివేశాను. కదలకుండా విన్నది. "వచ్చే యేడు నేను గూడ రాను" అన్న చోటికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మ గట్లన్నదా? అందరి ముందట?"

అవునన్నాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

అత్తా, నీకొకటి రాయలేదు. వచ్చిన్నాటినుంచి ఈ పిల్ల తన బట్టల మూట విప్పలేదు. కావలసినవి మూటలోంచి తీసుకునేది, ఉతికి ఆరేసినవి మళ్ళీ మూటలోనే పెట్టి ముడి వేసేది. రాత్రి అదే తలకింద పెట్టుకునేది. ఎందుకని అడిగితే, "ఎవలన్న అస్తె జల్ది పోవాలె గద" అంది. నేను ఇంకేమీ అడగలేకపోయాను.

ఉత్తరం విన్నాక మూలకు పోయి మూట విప్పింది. ఉన్న రెండు గౌనులూ మడతపెట్టి, నా పెట్టెలో నా చీరల పక్కన పెట్టింది. పెట్టె గొళ్ళెం బిగుతుగా ఉంటుంది, ఆ చిన్న చేతులకు పడలేదు. "అక్కా, జర ఇది ఎయ్యవా?" అని నన్ను పిలిచింది.

సువార్త